చేతికొచ్చేది

“ఎవరి జీతం ఇది?” అంటూ డైరెక్టర్ మేడమ్ తన ఫోన్ తెచ్చి జీతాల గుమాస్తా ముక్కు దగ్గర పెట్టింది.

ఆ గుమాస్తాని ఆఫీసంతా కత్తెర బాబాయ్ అంటారు, వెనకాల మాత్రమే. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, బ్యాంకు మెసేజీ చదివి, “మీదే మేడమ్. లక్షా ఇరవై ఒక్క వేలు,” అన్నాడు.

“పెద్దాసుపత్రి సూపరింటెండెంటుగా ఉన్నప్పుడే నాకు లక్షా ముప్ఫై వచ్చేది! ఇప్పుడు అయిదు సర్కారు ఆసుపత్రుల మీద డైరెక్టర్ని. ప్రమోషన్ ఇచ్చి జీతం తగ్గిస్తారా ఎక్కడైనా?”

“తగ్గలేదు మేడమ్. కాగితం మీద నలభై వేలు పెరిగింది.”

“కాగితం ఎవరిక్కావాలండీ? చేతికొచ్చేది చెప్పండి!”

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. కొత్త పదవి నచ్చకపోతే నెలలోపు పాత పోస్టుకి తిరిగి వెళ్ళొచ్చని ప్రమోషన్ కాగితంలోనే ఉంది. ఆ నెల ఇవాళ అయిదింటితో అయిపోతుంది. ఆ తర్వాత ఎంత ఏడ్చి మొత్తుకున్నా లాభం లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. భర్త.

“ఏమోయ్, జీతం పడిందా? ఫ్లాటు వాళ్ళ ఆఫీసులో కూర్చున్నాను. కిస్తీల కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టేయనా?”

“పెట్టకండి! ఆగండి!”

“పెట్టకపోతే అడ్వాన్సు పోతుందటోయ్. సాయంత్రం దాకానే ఆగుతామంటున్నారు.”

“అరగంట ఆగండి మహాప్రభో!” అని పెట్టేసింది.

ఆ అడ్వాన్సు ఇద్దరూ ఇరవై ఏళ్ళు కూడబెట్టిన సొమ్ము. పాత జీతంతో అయితే ముక్కుతూ మూలుగుతూ కిస్తీ కట్టొచ్చు. ఈ కొత్త జీతంతో నెలకి తొమ్మిది వేలు తక్కువ పడుతుంది. ఆ తొమ్మిది వేలు ఎక్కణ్ణుంచి తేవాలి? ఆయన పెన్షన్ మందులకే చాలదు.

మేడమ్ కుర్చీలో కూర్చోలేకపోయింది. ఆ ఇరుకు గదిలో, ఫైళ్ళ బీరువాకీ కిటికీకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, “ఒక్కొక్కటీ చెప్పండి,” అంది.

“పన్ను మేడమ్. జీతం పెరిగింది కాబట్టి పై మెట్టుకి ఎక్కారు. పెన్షన్ కోత కూడా ఆ లెక్కనే. రాత్రి పిలుపుల భత్యం పోయింది. డైరెక్టర్లని రాత్రిళ్ళు ఎవరూ పిలవరని రూలు.”

“రోజూ పిలుస్తున్నారండీ!”

“పిలుస్తారు మేడమ్. భత్యం ఇవ్వరు.”

“మరి ఇదేంటి, బంగళా అద్దె? నేను ఆ బంగళాలో ఒక్క రోజైనా ఉన్నానా?”

“ఉండక్కర్లేదు. బంగళా ఈ పోస్టుకి అతుక్కుని వస్తుంది.”

“దాని నిండా విరిగిన మంచాలు, తుప్పుపట్టిన సెలైన్ స్టాండ్లు గుట్టలు పోశారు కదా!”

“సామాను ఆసుపత్రిది మేడమ్. అద్దె మీది.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. “చేరిన మొదటి వారంలోనే ఖర్చు తగ్గించే ఉత్తర్వు ఇచ్చాను. పైవాళ్ళు శభాష్ అని భుజం తట్టారు. ఆ తట్టినదానికి కూడా కోత వేశారా ఏంటి?”

“అబ్బే, దానికి లేదు. ఆ ఫైలుకి పొద్దునే ఆమోదం కూడా వచ్చింది.”

“వస్తే రానివ్వండి. నాకొక తెల్లకాగితం ఇవ్వండి.”

నిలబడే రెండు ముక్కలు రాసింది. ఈ పదవి నాకు వద్దు, నన్ను పాత పోస్టుకి పంపించండి అని. సంతకం పెట్టబోతూ ఆగింది. ఆమెకి ఒకే ఒక్క భయం. తన కింద పనిచేసిన డిప్యూటీ. ఆయన ఎప్పణ్ణుంచో ఆ కుర్చీ మీద కన్నేశాడు.

“ఆ డిప్యూటీని నా స్థానంలో వేసేయలేదు కదా?”

“లేదు మేడమ్. పనంతా ఆయనే చూసుకుంటున్నాడు గానీ, ఆ పోస్టులో ఎవర్నీ వేయలేదు. మీరు వచ్చేసిన దగ్గర్నుంచీ ఖాళీయే.”

“హమ్మయ్య!” అని ఫోన్ తీసింది. అప్పటికి అయిదుకి పది నిమిషాలు. “ఏమండీ, సంతకం పెట్టేయండి. నేను పాత ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాను.”

“అదేంటోయ్! డైరెక్టర్ గారి మొగుణ్ణని వీధి వీధంతా చెప్పుకున్నానే!”

“సూపరింటెండెంటు మొగుడిగా సొంతింట్లో ఉందురుగానీ. పెట్టండి.”

అవతల కాగితం చప్పుడు వినిపించింది. “పెట్టేశానోయ్. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదట,” అన్నాడాయన సంతోషంగా.

మేడమ్ నెలరోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది. కాగితం మీద సంతకం గీకి కత్తెర బాబాయ్ చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, బల్ల మీద పెట్టి, ముద్ర వేయకుండా బుర్ర గోక్కున్నాడు.

“ఏం, తప్పు రాశానా?”

“అక్షరం తప్పు లేదు మేడమ్. మీరడిగిన పోస్టే లేదు.”

“ఖాళీగా ఉందని ఇప్పుడే కదండీ అన్నారు?”

“అందుకే మేడమ్ లేనిది. ఒకటో తారీకుకి మనిషి లేని పోస్టులన్నీ రద్దు చేయమని మీరే ఉత్తర్వు ఇచ్చారు కదా. మీరు ముందురోజు సాయంత్రమే లేచి వచ్చేశారు. అయిదు ఆసుపత్రులూ గాలించాం, మనిషి లేని పోస్టు అదొక్కటే దొరికింది.”