పొదిగే పెట్ట

ఆ రోజు ఇంట్లో మామ్మ, మనవరాలు నూకరత్నం, గంపలో నాటుకోడి పెట్ట, దాని ఒళ్లు వేడెక్కిందని కాలికున్న యంత్రపు కడియం కబురంపితే వచ్చిన కోళ్ల డాక్టరు ఉన్నారు. గుడ్లన్నీ యంత్రాల్లోనే పిల్లలయ్యే కాలంలో పుట్టినవాడాయన.

"ఒళ్లు వేడి, తిండి లేదు, కదలదు. రోగమే. తీసుకుపోతాను," అన్నాడు.

"నీ పెట్టే కదే, నువ్వే చెప్పు," అని మామ్మ మోచేత్తో పొడిచింది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని నూకరత్నం, ఆయన గంప మీద చెయ్యి వెయ్యగానే, "రోగం కాదండీ, పొదుగుతోంది! ఇది లేస్తే గుడ్లు చల్లారిపోతాయి!" అని అరిచింది.

డాక్టరు పెట్ట కిందికి చెయ్యి పోనిచ్చాడు. అది పొడిచింది. "అబ్బా! కోడే పొదుగుతుందా?" అన్నాడు వేలు ఊదుకుంటూ.

ఇక నూకరత్నం ఆగలేదు. పెట్ట గుడ్లనెలా తిప్పుతుందో, పిల్లల్నెలా పిలుస్తుందో కొక్కొక్కుమంటూ చేసి మరీ చూపించింది.

"ఇన్నాళ్ల మాటలూ ఇవాళే కక్కుతున్నావేటే! పెట్ట బెదిరి లేచిపోద్ది," అంటూ మామ్మ ఆ ఇద్దరినీ వసారాలోకి నెట్టి తలుపు వేసేసింది.