ఏడో నంబరు పైకప్పు

"ఎవరి కడుపు కొట్టమంటారు? మీరే చెప్పండి!" అన్నాడు నగర గ్రాంట్ల డైరెక్టరు డ్వేన్ కోస్టిగన్, బల్ల మీది ముసాయిదాను మైకు ముందున్న ఆమె వైపు విసురుగా తిప్పి.

పేదల ఇళ్లకూ వాడలకూ వాషింగ్టన్ నుంచి ఏటా వచ్చే గ్రాంటును నగరం ఏ పనికి ఎంత వెచ్చించాలో నిర్ణయించే ముసాయిదా అది. దాన్ని ముప్పై రోజులు జనం ముందుంచాలి, ఎవరేమన్నా వినాలి, విన్న ప్రతి మాటకూ జవాబు రాయాలి. అది చట్టం. గడువు రేపు సాయంత్రంతో సరి. లక్షమంది ఉన్న ఊళ్లో ప్రజాభిప్రాయ సభకు వచ్చినవారు పదకొండుగురు.

మైకు ముందు నిలబడింది వెర్నెటా గ్యాస్కిన్స్. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఇస్త్రీ చెదరని బూడిదరంగు కోటు, చేతులకు తెల్లని తొడుగులు. ఆ వేషానికి ఏమాత్రం పొసగనిది ఒక్కటే: రబ్బరుబ్యాండు చుట్టిన పాత ప్లాస్టిక్ రొట్టె సంచి, అందులో ఆమె కాగితాలు.

"ఆరేళ్లుగా చూస్తున్నా, ఏమిటమ్మా ఆ రొట్టె సంచి? బయట మబ్బు తునక కూడా లేదు కదా!" వెనక బెంచీ నుంచి స్టాన్ ప్రిబిల్ అన్నాడు. "శాండ్‌విచ్ తెచ్చావేమిటి? తెస్తే డైరెక్టరు గారికి పెట్టు, మెత్తబడతాడు."

జనం నవ్వారు.

"శాండ్‌విచ్‌కి మెత్తబడే మనిషైతే ఆరేళ్ల కిందటే తెచ్చేదాన్ని, స్టాన్. నాకిచ్చింది మూడు నిమిషాలు. నీ హాస్యం అందులో ఇరవై సెకన్లు తినేసింది."

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"టానరీ రోడ్డు, బడి ఎదురుగా. నిన్న ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నూట పన్నెండు లారీలు వెళ్లాయి. నలభై ముగ్గురు పిల్లలు దాటారు. వాళ్ల కోసం ఆగిన లారీలు తొమ్మిది. అక్టోబరులో మారిసెల్ అనే పిల్లకి కాలు విరిగింది. అక్కడ లారీలను హెచ్చరించేలా వెలిగి ఆరే దీపం పెట్టమని రాస్తే 'వచ్చే ఏడు పరిశీలిస్తాం' అని జవాబిచ్చారు. అంతకుముందు ఏడూ అదే వాక్యం. కామాతో సహా."

డ్వేన్ ఆ అంకెలు రాసుకున్నాడు. లారీల లెక్క తన ఇంజనీర్లు కూడా ఇంత కచ్చితంగా ఏనాడూ తీయలేదు. ఆ పట్టుదల చూస్తే ఒళ్లు మండేది, మరుక్షణమే తల వంచాలనిపించేది.

"దీపానికి పద్దెనిమిది వేల డాలర్లండీ. ఎక్కణ్ణుంచి తేను? ముసలివాళ్ల భోజనం ఆపెయ్యనా? దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ల ఆశ్రయం మూసెయ్యనా?"

"అక్కర్లేదు. నలభయ్యో పేజీ తియ్యండి. పైకప్పుల మరమ్మతు. పన్నెండు ఇళ్లు, ఇంటికి పద్దెనిమిది వేలు. ఏడో నంబరు కొట్టెయ్యండి."

ఆ జాబితాలో పేర్లుండవు, నంబర్లే. పేదరికం ఎవరిదో ఊరందరికీ తెలియనక్కర్లేదని పెట్టుకున్న మర్యాద అది.

స్టాన్ దిగ్గున లేచాడు. "నాది మూడు! సిగ్గేముంది, చెప్తున్నా. రేపు మూడు కూడా కొట్టెయ్యమంటావా, తల్లీ?"

"నీ మూడు జోలికి రాను. కూర్చో."

డ్వేన్‌కు అప్పటిదాకా ఆమె మీద ఉన్న గౌరవం కాస్తా ఆవిరైంది. "నాలుగేళ్లు వరసలో నిలబడిన ఇల్లది, గ్యాస్కిన్స్ గారూ. వాన పడితే ఆ ఇంట్లోవాళ్ల గతేమిటో ఆలోచించారా? పరాయి ఇంటి కప్పు దానం చెయ్యడానికి మీరెవరండీ?"

"రేపు సాయంత్రం లోగా ఆ ఇంటి నుంచే 'మాకు వద్దు' అని ఉత్తరం వస్తుంది. వస్తే చెల్లుతుంది. మీ నియమమే, పదో పేజీ."

"వాళ్లనెలా ఒప్పించారు?"

ఆమె మొదటిసారి తడబడింది. "తేలికేం కాలేదు. వారం పట్టింది."

గంట మోగింది. మూడు నిమిషాలూ అయిపోయాయి. ఆమె కాగితాన్ని రొట్టె సంచిలో పెట్టి, గాలి పోయేలా అదిమి, రబ్బరుబ్యాండు రెండు చుట్లు చుట్టింది. ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

డ్వేన్ తన గదిలోకి వచ్చి తలుపు మూసుకున్నాడు. నోరులేనివాళ్లెవరినో మాటలతో లొంగదీసి ఉంటుంది. తనిఖీలు చేసేది ఇన్‌స్పెక్టరు, వరస కట్టేది గుమాస్తా. తాను ఈ జాబితాలో ఒక్క ఫైలైనా తెరిచి చూసిన పాపాన పోలేదు. ఈసారి చూడక తప్పదు. ఆ ఇంటికి ఫోను చేసి, ఎవరెంత చెప్పినా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పాలి.

ఏడో నంబరు ఫైలు తీశాడు. ఫోను నంబరు కోసం వెతుకుతున్న వేలు, ఇన్‌స్పెక్టరు పెన్సిలుతో రాసిన రెండు వరసల దగ్గర ఆగిపోయింది:

"ప్రతి గదిలోనూ కారుతోంది. ఇంటావిడ ఒంటరి, పెద్ద వయసు. కాగితాలు తడవకుండా రొట్టె సంచుల్లో దాచుకుంటోంది."