ఒక్కరోజు ముందు

“నా చీటీ నాకిచ్చేయండి పెద్దమ్మా.”

“పెట్టెలో పడ్డాక అది నీది కాదమ్మా. పైవాడిది.”

తాళం వేసిన చెక్కపెట్టెను రెండు చేతులా పట్టుకుని నిలబడింది ఆ తల్లి. ఆ విశ్రాంతి ఇంటి పద్ధతి అది. బుద్ధి ఎదగని బిడ్డల్ని పొద్దున్నే అప్పగించి, తల్లులు వెనక గదుల్లో సాయంత్రం దాకా పడుకోవచ్చు. పడుకునే ముందు మనసులో ఉన్న ఒక్క కోరిక చీటీ మీద రాసి పెట్టెలో వేయాలి. పేరు రాయక్కర్లేదు. అయిదింటికి, ఆ ఇల్లు నడిపే పెద్దమ్మ రోజుకు కొన్ని కోరికలు ప్రార్థనలో పైకి చదువుతుంది.

అయిదవడానికి ఇంకా పావుగంట ఉంది.

“అంత కొంప మునిగేది ఏం రాశావు?” కుర్చీలు వరసలో సర్దుతూ అడిగింది పెద్దమ్మ.

తల్లి గొంతు తగ్గించింది. “నాకంటే ఒక్కరోజు ముందు నా బిడ్డని తీసుకెళ్ళు అని.”

పెద్దమ్మ ఇంకో కుర్చీ జరిపింది.

“నేను పోయాక దానికి ముద్ద పెట్టేదెవరు, స్నానం చేయించేదెవరు అని పదహారేళ్ళుగా ఇదే మొక్కు. ఇవాళ నాలుగ్గంటలు ఒళ్ళెరగకుండా పడుకున్నాను. లేచాక గానీ తెలీలేదు, నేను అడుగుతున్నదేమిటో.”

వెనక గదిలో మంచం కిర్రుమనేదే, పరుపు పలచనిదే. నిద్ర సుఖమెరగదు కదా. కానీ లేచి కూతురి దగ్గరికి వెళ్ళి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ పెట్టెను వదల్లేదు.

“బుజ్జి పడుకునుంది. అది పగలు కన్ను మూయదు పెద్దమ్మా. పిలిస్తే పలకలేదు, కదిపితే కదల్లేదు. దానికేమైనా ఇచ్చారా?”

“ఏమీ ఇవ్వలేదు. తనంతట తనే పడుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశావా?”

“చూశాను. ఊపిరి ఉంది.”

“ఉంటే మంచిదే.”

ఆ మాట తల్లికి ముల్లులా దిగింది. తాళాన్ని పట్టి గుంజింది. అది పాతదే గానీ మొండిది.

“పదహారేళ్ళు విననివాడు ఇవాళే వింటాడంటావా?” అంది పెద్దమ్మ.

“ఇన్నాళ్ళూ మనసులో అనుకున్నాను. ఇవాళ కాగితం మీద పెట్టాను. మీరు పదిమందిలో చదువుతారు. ఆయన తథాస్తు అనేస్తే నేనేమైపోవాలి? మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఆమె నిజంగానే వంగింది. పెద్దమ్మ ఆమె భుజం పట్టి ఆపి, మెడలో గొలుసుకున్న తాళంచెవి తీసింది.

“వెతుక్కో. తొందరగా.”

వారం రోజుల చీటీలు, ముప్ఫై దాకా ఉన్నాయి. అన్నీ ఒకే నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు. తల్లి మొదటిది విప్పింది. పెన్సిలు రాత, తనది కాదు. నాకంటే ఒక్కరోజు ముందు నా కొడుకుని, అని ఉంది. రెండోదీ తనది కాదు. మాట మాత్రం అదే. మూడోదాంట్లో సగం అక్షరాలు తప్పులే, కోరికలో తప్పు లేదు. ఒకరు పాప అన్నారు, ఒకరు మా కవలలు అన్నారు. తన చీటీ దొరికేసరికి పద్నాలుగు విప్పింది. పద్నాలుగూ ఒకటే.

“ప్రార్థనలో ఇవే చదువుతారా?” తన చీటీ గుప్పిట్లో పట్టుకుని అడిగింది తల్లి.

“ఒక్కటీ చదవను. ఓపికనివ్వు, నిద్రనివ్వు, మోకాళ్ళ నొప్పి తగ్గించు అని నోటికొచ్చింది చదివేస్తాను. ఎవరికి వాళ్ళు, తమది రేపు చదువుతుంది కాబోలనుకుంటారు.”

“మరి రాయించుకోవడమెందుకు?”

“రాస్తే గానీ మీకు నిద్రపట్టదు.”

పెద్దమ్మ మిగతా చీటీలన్నీ కొంగులోకి దులిపి వంటగదిలోకి నడిచింది. తల్లి వెంట వెళ్ళింది. పొయ్యి వెలిగే ఉంది. చీటీలు గుప్పెడు గుప్పెడు మంటలోకి వెళ్ళాయి.

“పైవాడివన్నారు. కాల్చేస్తున్నారేం?”

“ఆయన కంటపడకూడదని.”

పక్కగదిలో గోడ మీద దబదబా చప్పుడయింది. బుజ్జి లేచింది. లేవగానే గోడ బాదడం దాని అలవాటు. తల్లికి ప్రాణం లేచి వచ్చింది. తన చీటీని కూడా మంటలో పడేసి గుమ్మం వైపు పరుగెత్తబోయి, ఆగింది.

“ఎప్పుడైనా, ఎవరిదైనా, ఆయన కంటపడిందా పెద్దమ్మా?”

పెద్దమ్మ పొయ్యిలోకే చూస్తూ అంది.

“నాది. మా వాడిని ఒక్కరోజు ముందు తీసుకెళ్ళమని రాశాను, తీసుకెళ్ళాడు. పన్నెండేళ్ళయింది, ఆ ఒక్కరోజూ ఇంకా గడవలేదు.”