సముద్రం మీద దండయాత్ర

“మళ్ళీ చదువుతాను. ఈసారైనా సరిగ్గా వినండి,” అంది అనిత, విసుగు అణచుకుంటూ.

భావనపాడు బడిలో ఎనిమిదో తరగతి. వెనక బెంచీలో హెడ్మాస్టర్ జగన్నాధం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రోము చరిత్రను హాస్య పుస్తకంతో చెప్తానని అనిత ఆయన వెంటపడి మరీ ఒప్పించింది. విజయనగరంలో ఆమె ఇంతకుముందు పనిచేసిన బడిలో ఇదే పుస్తకానికి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ విన్న పాఠం మరిచిపోరని ఆమె నమ్మకం.

ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు.

అనిత ఈసారి నటించి చూపించింది. రోము చక్రవర్తి ఒకడు సైన్యాన్ని ఒడ్డున బారులు తీర్చి, సముద్రం మీదే యుద్ధం ప్రకటించాడట. ఆమె స్కేలును కత్తిలా దూసింది. “ఆ అలను పొడవండి! ఈ అలను నరకండి!” అని గొంతు మార్చి అరిచింది. సైనికులంతా కవచాలతో సహా నీళ్ళలోకి ఉరికారట. చివరికి చక్రవర్తి, గెలుపు మనదేనంటూ ఇనపటోపీల నిండా గవ్వలు ఏరించాడట.

పిల్లలు కదల్లేదు. కొందరు తల దించుకున్నారు.

జగన్నాధం లేచాడు. “ఏటమ్మా ఇది? ఒక్క పిల్లకైనా నవ్వొచ్చిందా? సముద్రం మీద వేటకెల్లే ఇళ్ళ పిల్లలు. పరీక్ష గట్టెక్కితే సాలు. సోమవారం నుంచి ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించండి. ఆ పుస్తకం ఇంటికి అట్టుకెల్లిపోండి.”

అనిత మొహం ఎర్రబడింది. ఆయన గుమ్మం దాకా వెళ్ళేసరికి పుస్తకాన్ని బల్ల మీద పడేసింది.

“ఏంటర్రా మీకు? సముద్రంతో యుద్ధం చేసిన పిచ్చి రాజర్రా! దీనిక్కూడా నవ్వు రాదా?”

మొదటి బెంచీలో అమ్మడు అనే పిల్ల మెల్లిగా లేచింది.

“టీచర్, నీళ్ళల్లోకి దిగినోలు మల్లీ ఇంటికొచ్చినారా?”

“ఎవరు?”

“ఆ సైనికులు.”

“వచ్చారు.”

“అందరూనా? ఒక్కడు కూడా పోలేదా?”

“అందరూ వచ్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకే?”

అమ్మడు కూర్చుని, పక్కపిల్ల చెయ్యి పట్టుకుంది.

అప్పుడు నవ్వారు పిల్లలు.