నల్ల పిడి చాకు

"ఇది కూడా బిగువేనమ్మా," అంటూ మూడో చాకును బల్ల మీద పెట్టేశాడు వంకలాయన.

షాపావిడ లోలోపల పళ్ళు నూరుకుంది. ఆయన రావడం ఇది ఎనిమిదో రోజు. పేరడిగితే నవ్వి ఊరుకున్నాడు. పెట్టే వంకలకు తగ్గట్టు ఆమే ఆ పేరు పెట్టుకుంది. కావలసిందల్లా ఒక్క మడత చాకు, రోజూ జేబులో వేసుకు తిరగడానికట. ఆ మాత్రం దానికి ఇల్లు కొంటున్నంత తతంగం. తెరుచుకున్న మొదటి రెండూ మరీ వదులట.

"దీనికేం తక్కువండీ? బ్లేడు వేలెడు పొడవు. పిడి తేలిక. తెరవగానే లాకు పడుతుంది. పండు కోసుకోండి, పురికొస తెంపుకోండి."

"అన్నీ బాగున్నాయి. ఒంటి చేత్తో తెరుచుకోవాలి, అంతే."

"తెరుచుకోకేం? ఇదిగో." బ్లేడు మీది బొడిపెను ఆమె బొటనవేలితో నెట్టింది. టక్కుమంది.

"మీకు తెరుచుకుంటే నాకేం లాభం? నాకు తెరుచుకోవాలి."

ట్రేలో ఎనిమిది చాకులున్నాయి. ఎడమ చివర ఊదితే తెరుచుకునేది, కుడి చివర మొండిఘటం లాంటి నల్ల పిడిది. వదులు నుంచి బిగువుకు ఆ వరస వాళ్ళ నాన్న పెట్టింది. తన గడప తొక్కినవాడు చాకు కొనకుండా పోలేదని చెప్పుకునేవాడాయన. ఆయన పోయి ఆర్నెల్లయింది. ఆ మాట తన హయాంలో పోకూడదు. ఈయన చేత ఒక్క చాకు కొనిపించకపోతే పేరు మార్చుకుంటానని ఆమె మనసులోనే శపథం చేసుకుంది.

"నీళ్ళు తాగండి బాబాయ్ గారూ."

ఆయన ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు.

"మీది ఎడమచేతి వాటం కదా, ఆ చేత్తోనే తెరవొచ్చుగా? సులువు."

"చాకు మాత్రం కుడిచేత్తోనే తెరవాలమ్మా. మొండితనం అనుకోండి."

అంతలో వీధిలోంచి ఎవడో తల లోపలికి పెట్టి, "అమ్మ ఉందా లోపల?" అని అరిచి పారిపోయాడు. ఆమె ముఖం ఎర్రబడింది.

"చూశారా! వీధి వీధంతా వేళాకోళమే. ఆ బోర్డు చూడలేదా మీరు?"

గుమ్మం మీది బోర్డులో 'చాకులు, కత్తెరలు ఇచ్చట అమ్మ' అని ఉంది. 'బడును' లేదు.

"సగం రాసి, మిగతాది రేపని చెప్పి పోయాడట పెయింటరు. ఆ వారంలోనే నాన్న పోయారు. నేనొచ్చి షాపు తెరిచాను. ఆ 'రేపు' మాత్రం ఇంతవరకు రాలేదు."

"ఇంకొకరి చేత రాయించకపోయారా?"

"ఒకరి అక్షరం పక్కన ఇంకొకరు అక్షరం పెట్టరట. మొత్తం చెరిపి కొత్తగా రాస్తామంటారు. నాన్న దగ్గరుండి రాయించుకున్న అక్షరాలండీ అవి! నా కంఠంలో ప్రాణం ఉండగా చెరపనివ్వను. ఆ పెయింటరు దొరకాలి గానీ, నల్ల పిడి చాకుతోనే పలకరిస్తా."

వంకలాయన ఆ నల్ల పిడి చాకును చాలాసేపు చూసి, లేచి వెళ్ళిపోయాడు.

రోజులు గడుస్తున్నాయి. నాలుగో చాకు దగ్గర ఆయన అయిదు రోజులు ఆగిపోయాడు. ఇక లాభం లేదని ఆ సాయంత్రం ఆమె దాని మర కాస్త వదులు చేసి, చుక్క నూనె వేసింది. మర్నాడు ఆయన బొటనవేలు ఇలా పెట్టాడో లేదో, టక్!

"హమ్మయ్య! పొట్లం కట్టనా?"

ఆయన చాకును అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం వాడిపోయింది.

"మర వదులు చేశారా?"

"మీకోసమే."

"బిగించండి. ముందెంత ఉందో అంత."

"బిగువంటారు, వదులు చేస్తే బిగించమంటారు! మీకు కావలసింది చాకా, నా ప్రాణమా?"

"బిగించండమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. ఆమె మర బిగించింది.

మధ్యవన్నీ ఒక్కొక్కటే తెరిచి, వదులేనని పక్కన పెట్టేశాక, ఇరవై నాలుగో రోజు ఆయన చేయి నేరుగా నల్ల పిడి చాకు మీదికి వెళ్ళింది. ఒకసారి నెట్టాడు. కదల్లేదు. రెండోసారీ అంతే. నుదుటి చెమట బల్ల మీద రాలింది.

"ఎందుకండీ అంత కష్టం? మొదటిది పట్టుకెళ్ళండి."

"ఉండండి."

మూడోసారి, టక్!

ఆమె గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆయన అదే చేత్తో చాకు మూశాడు, మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. తర్వాత జాగ్రత్తగా ట్రేలో దాని చోట దాన్ని పెట్టేశాడు.

"పొట్లం కట్టనా?"

"చాకు వద్దమ్మా. మీ మేలు మరిచిపోను."

ఆమె తేరుకునేసరికి ఆయన వీధి మలుపు తిరిగాడు. నాన్న మాట తన చేతుల్లోనే పోయిందని, ఆమె ఆ పూట షట్టరు దించేసి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి షాపు ముందు నిచ్చెన వేసి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒకావిడ నిలబడింది.

"ఎవరమ్మా మీరు? నా గుమ్మంలో ఈ నిచ్చెనేంటి?"

"పెయింటరు భార్యనమ్మా. మీ బోర్డు పూర్తి చెయ్యడానికొచ్చాం."

"ఇన్నాళ్ళకు తీరిందా దొరగారికి?"

"బోర్డు సగం రాసిన రోజే ఇంటికొస్తూ గాజుపెంకుల మీద పడ్డారమ్మా. కుడి బొటనవేలి నరం తెగింది. ఇక కుంచె పట్టే బలం రాదని డాక్టరు తేల్చేశారు. ఈయనేమో మీ బోర్డు పూర్తి చేశాకే ఇంకే పనైనా అని భీష్మించుకు కూర్చున్నారు. రోజూ ఎక్కడికో వెళ్ళి సాధన చేసి వచ్చేవారు."

షాపావిడ తలెత్తింది. 'అమ్మ' పక్కన తడి ఆరని 'బ', అదే వంపుతో, మెరుస్తోంది.

నిచ్చెన మీంచి వంకలాయన కుడిచెయ్యి ఊపాడు.