గోడమీద బొగ్గుగీత

"ఇంకొక్క బెత్తెడండీ," అంది భవాని.

కొబ్బరిచెట్టు మీంచి పడి భుజం జారిన ఆమె భర్త కుమారస్వామి, డాక్టరు చెప్పినట్టు గోడమీద వేళ్ళు పైకి పాకిస్తున్నాడు. భవాని గీసిన బొగ్గుగీత అందిన రోజే మళ్ళీ కాయల దింపుకి వెళ్తానని పంతం పట్టాడు. మూడు నెలలైనా అందడం లేదు.

విసుగ్గా చెయ్యి దించాడు. వేళ్ళకి మసి ఉంది.

"గీత ముట్టుకోకుండా మసెక్కడిదే?"

అతను గోడని పరీక్షగా చూశాడు. గీతకి కిందుగా, తడిగుడ్డతో తుడిచిన మరకలు నాలుగున్నాయి.

"గీత పైకి జరుపుతున్నావా?"

"ఆయ్. మీరు పడ్డప్పుడు కింద కాయలేరుతున్నది నేనండీ."

వీధిలో దింపు మేస్త్రీ సైకిలు ఆగింది.

"ఏం కుమారస్వామీ, గీత అందిందా? రేపు ముమ్మిడివరంలో దింపుంది!"

కుమారస్వామి మసివేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇంకొక్క బెత్తెడుందండీ!" అని కేకేశాడు.