రంగు జెండాలు

నా కొడుకు హరిబాబు రెండేళ్ల కిందట సిక్కింలో కొండచరియ విరిగిపడి కనిపించకుండా పోయాడు. నిరుటిలాగే ఈసారీ వెతకడానికి వెళ్లిన కోడలు సత్యవాణి అక్కడి నుంచి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఇక్కడి బౌద్ధులకు ఈ కొండే దేవుడట. జెండాలు కడతన్నారు. బతికున్నోలికి రంగులవట, పోయినోలికి తెల్లవట. ఏటి కట్టమంటారు?"

"నా కొడుకును నీ నోటితోనే చంపుతావా? రంగులవే కట్టు. బొట్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానత్తయ్యా."

మా ఊరి గోల్‌బజార్‌లో కొన్న కుంకుమ ఆమె సంచిలో నేనే సర్ది పంపాను.

సాయంత్రం ఫొటో వచ్చింది. చెప్పినట్టే రంగు జెండాలు కట్టింది. వాటి వెనక ఎండకూ వానకూ పీలికలైన తెల్లజెండా ఒకటుంది. పెద్దది చేసి చూశాను. దాని మీద తెలుగులో హరిబాబు పేరు, నిరుటి తేదీ. రాత సత్యవాణిది.

ఏడాదిగా ఆ బొట్టు నా కోసం పెట్టుకుంటోంది.